పాత కారు మీటర్ మారిస్తే ఓడోమీటర్ రీడింగ్ ఎలా కలపాలి?

పాత కారులో ఇంజన్ బాగానే ఉంటుంది, ఏసీ కూడా పనిచేస్తుంటుంది, కానీ ఉన్నట్టుండి మీటర్ పోతుంది. డిస్‌ప్లేలో సగం అంకెలు కనిపించవు, లేదంటే ముల్లు సున్నా దగ్గరే ఉండిపోతుంది. పదేళ్లు దాటిన కార్లలో ఇది మామూలే. షోరూమ్‌లో కొత్త ఇన్‌స్ట్రుమెంట్ క్లస్టర్ దొరక్కపోయినా, దొరికి రేటు చూసి భయమేసినా, చాలామంది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అదే మోడల్ కారు నుంచి విప్పిన సెకండ్ హ్యాండ్ క్లస్టర్ తెచ్చి బిగించుకుంటారు. బిగించాక అన్ని లైట్లూ వెలుగుతాయి, ముల్లులు కదులుతాయి. కాకపోతే మీ కారు ఇప్పుడు వేరే కారు కిలోమీటర్లు చూపిస్తుంది.

ఒక ఉదాహరణతో వెళ్దాం. కోరుకొండలో ఉంటూ రోజూ రాజమండ్రికి ఉద్యోగానికి వెళ్లొచ్చే ఒకాయన దగ్గర 2014 మోడల్ డీజిల్ కారు ఉందనుకోండి. రానూపోనూ సుమారు 40 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు. అంటే నెలకి వెయ్యి, పదేళ్లకి లక్షా ఇరవై వేలు. ఆ కారుకి బిగించిన సెకండ్ హ్యాండ్ క్లస్టర్ 42,000 చూపిస్తోంది. ఓనర్‌కి నిజం తెలుసు కాబట్టి ఇప్పటికి గొడవేమీ లేదు. రెండేళ్ల తర్వాత ఆ కారు కొన్నవాళ్లకి మాత్రం తెలియదు.

రీసేల్ రేటు సంగతి అలా ఉంచండి. నాకు ఎక్కువ భయం టైమింగ్ బెల్ట్ గురించి. బెల్ట్ ఉన్న ఇంజన్లలో దాన్ని ఎప్పుడు మార్చాలో కంపెనీ మాన్యువల్ కిలోమీటర్లలో చెబుతుంది. మీటర్ మీద 42,000 చూసి "ఇంకా చాలా టైముంది" అనుకుని కొత్త ఓనర్ నడుపుతుంటే, అసలు బెల్ట్ ఎప్పుడో గడువు దాటేసి ఉంటుంది. నడుస్తుండగా తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్‌లకి కొట్టుకుంటాయి. గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళ్తుంటే ఇలా జరిగిందనుకోండి, బండి లాక్కురావడమే ఒక పెద్ద పని, ఆ తర్వాత వచ్చే ఇంజన్ బిల్లు ఇంకా పెద్దది.

ఆ అంకె ఎక్కడ ఉంటుంది?

బాగా పాత కార్లలో, అంటే మారుతి 800 తొలి మోడళ్లు, అంబాసిడర్ లాంటివాటిలో, గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ వచ్చి మీటర్ వెనక పళ్ల చక్రాలని తిప్పుతుంది. అంకెలు చిన్న డ్రమ్ముల మీద ముద్రించి ఉంటాయి. వీటిలో రీడింగ్ కలపడం అంటే మీటర్ విప్పి ఆ డ్రమ్ములని సరైన అంకెకి జరపడమే. సాఫ్ట్‌వేర్ లేదు, ఏమీ లేదు. "మీటర్ తిప్పడం" అనే మాట పుట్టింది ఇక్కడి నుంచే అయ్యుంటుంది.

డిజిటల్ డిస్‌ప్లే వచ్చాక అంకె క్లస్టర్ బోర్డు మీద ఉండే ఈఈప్రామ్ అనే ఎనిమిది కాళ్ల చిన్న చిప్‌లోకి వెళ్లింది. కరెంట్ తీసేసినా ఇందులో డేటా పోదు. చిప్ మీద 93సీ46, 93సీ66, 24సీ04, 24సీ16 లాంటి నంబర్లు కనిపిస్తాయి. ఇంకొన్ని క్లస్టర్లలో విడిగా చిప్ ఉండదు, మెయిన్ ప్రాసెసర్ లోపలి మెమరీలోనే రాస్తారు.

ఆ చిప్‌లో డేటా మనం అనుకున్నట్టు "102400" అని ఉండదు. 1,02,400 కిలోమీటర్లని హెక్సాడెసిమల్‌లో రాస్తే 19000 అవుతుంది. చిన్న బైట్ ముందు వచ్చే పద్ధతిలో అయితే చిప్‌లో 00 90 01 అని కనబడుతుంది. కొన్ని కంపెనీలు దాన్ని తిరగేసి కూడా రాస్తాయి, పక్కన చెక్‌సమ్ పెడతాయి, అదే అంకెని వేర్వేరు చోట్ల దాస్తాయి. ఇదంతా దొంగల కోసమే అనుకోకండి. ఈఈప్రామ్‌లో ఒక్కో సెల్‌ని ఇన్నిసార్లే రాయగలం అనే హద్దు ఉంటుంది. పాత చిప్‌లకి అది లక్ష సార్లు, తర్వాతి వాటికి పది లక్షలు. ప్రతి కిలోమీటరుకీ ఒకే చోట రాస్తూ పోతే పాత చిప్‌ని కారే అరగదీసేస్తుంది. అందుకే అంకెని చోటు మార్చి మార్చి రాస్తారు. మన ఫోన్ స్టోరేజ్‌లో జరిగే వేర్ లెవెలింగ్ కూడా ఇదే పని.

ముందు పాత మీటర్ బాగవుతుందేమో చూడండి

చాలామంది ఈ ఆప్షన్‌ని వదిలేస్తారు, నేను మాత్రం దీన్నే మొదట పెడతాను. క్లస్టర్ చెడిపోయిందంటే ఎక్కువగా పోయేది డిస్‌ప్లే రిబ్బన్, బ్యాక్‌లైట్, ముల్లుని తిప్పే స్టెప్పర్ మోటార్, లేదా కనెక్టర్ దగ్గర సోల్డరింగ్. వీటిలో ఏదైనా మంచి ఎలక్ట్రానిక్స్ మెకానిక్ చేయగలడు. పాత బోర్డు అలాగే ఉంటే అంకె కూడా అలాగే ఉంటుంది, కలపాల్సిన పనే రాదు. సెకండ్ హ్యాండ్ క్లస్టర్ అప్పటికే కొనేసి ఉంటే, దాని డిస్‌ప్లేనో మోటార్లనో తీసి మీ పాత బోర్డుకి వేయించండి.

అది కుదరకపోతే రెండో దారి చిప్ మార్పిడి. రెండు క్లస్టర్ల పార్ట్ నంబర్ ఒకటే అయితే, పాత బోర్డు మీది ఈఈప్రామ్‌ని ఊడదీసి కొత్త బోర్డు మీద అతికించడం. దీంట్లో ఎవరూ అంకెని టైప్ చెయ్యరు, అందుకే నాకు ఇష్టం. పెట్రోల్ వేరియంట్ మీటర్ డీజిల్ కారుకి, టాప్ మోడల్ మీటర్ బేస్ మోడల్‌కి వేస్తే మాత్రం ఈ పద్ధతి తేడా కొట్టొచ్చు.

మూడోది డేటా కాపీ. ప్రోగ్రామర్‌తో పాత చిప్ చదివి, ఆ ఫైల్‌ని కొత్త చిప్‌లో రాయడం. 24 సిరీస్‌కి సీహెచ్341ఏ లాంటి చౌక ప్రోగ్రామర్ చాలు. 93 సిరీస్‌ని మీ ప్రోగ్రామర్ సపోర్ట్ చేస్తుందో లేదో కొనేముందే చూసుకోండి. ఇంట్లో ప్రయత్నించేవాళ్లకి కొన్ని జాగ్రత్తలు:

- బ్యాటరీ నెగటివ్ తీసేశాకే క్లస్టర్ కనెక్టర్ ముట్టుకోండి.
- చిప్ బోర్డు మీదే ఉండగా క్లిప్ పెట్టి చదివితే పక్కనున్న ప్రాసెసర్ కూడా మేల్కొని తప్పు డేటా రావచ్చు. ఊడదీసి చదవడం మేలు.
- మూడుసార్లు చదివి మూడు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చండి. తేడా ఉంటే ఏమీ రాయకండి.
- రెండు చిప్‌ల అసలు ఫైళ్లనీ బ్యాకప్ పెట్టుకోండి.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లు ఉన్నవాళ్లు ఇంకాస్త ఆగండి. వాటిలో చాలా మోడళ్లకి ఇమ్మొబిలైజర్ డేటా కూడా క్లస్టర్‌లోనే ఉంటుంది. వేరే క్లస్టర్ పెట్టగానే తాళం గుర్తుపట్టక బండి స్టార్ట్ అవ్వదు. ఇవి ఇంట్లో చేసే పని కాదు.

కంపెనీ నుంచి కొత్త క్లస్టరే దొరికితే సర్వీస్ సెంటర్‌లోనే రీడింగ్ రాయించండి. కొన్ని కంపెనీల డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ కొత్త క్లస్టర్‌లో అంకెని పైకి మాత్రమే మార్చనిస్తుంది.

పాత మీటర్ పూర్తిగా పోతే అసలు అంకె ఎలా తెలుస్తుంది?

డిస్‌ప్లే చచ్చినా చిప్ బతికే ఉండొచ్చు కాబట్టి పాత క్లస్టర్ పారేయకండి. చిప్ కూడా పోతే కాగితాలే దిక్కు. సర్వీస్ బిల్లులు, ఆయిల్ మార్చిన స్టిక్కర్, ఇన్సూరెన్స్ రెన్యువల్‌కి తీసిన ఓడోమీటర్ ఫొటో, మీ ఫోన్ గ్యాలరీలో ఎప్పుడో ట్రిప్‌కి వెళ్తూ తీసిన డ్యాష్‌బోర్డ్ ఫొటో, అన్నీ పనికొస్తాయి. ఫొటోకి తేదీ కూడా ఉంటుంది.

మన కోరుకొండ కారుకే వద్దాం. జూన్ 10 నాటి సర్వీస్ బిల్లులో 1,14,600 ఉంది. ఆగస్టు చివర మీటర్ ఆగిపోయింది, చిప్ చదివితే 1,16,900 వచ్చింది. రెండున్నర నెలలకి కొంచెం అటూఇటూగా 2,300. నెలకి వెయ్యి లెక్కకి దగ్గరగానే ఉంది, కాబట్టి నమ్మొచ్చు. ఆ తర్వాత మీటర్ లేకుండానే మూడు నెలలు తిరిగారు, అంటే ఇంకో 3,000 అంచనా.

మరి కొత్త క్లస్టర్‌లో ఏది రాయాలి, 1,16,900 లేక 1,19,900? నా ఓటు 1,16,900కే. రుజువున్న అంకె మీటర్ మీద ఉండాలి, అంచనా కాగితం మీద ఉండాలి. రెండూ కలిపేస్తే తర్వాత ఎవరికీ విడదీయడం కుదరదు. సర్వీస్ డ్యూ చూసుకునేటప్పుడు మాత్రం ఆ 3,000 కలిపే లెక్కేసుకోండి.

కాగితం పని

ఈ విషయంలో అమెరికా రూల్ బాగుంటుంది. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మీటర్ మార్చాక పాత రీడింగే ఉంచగలిగితే ఉంచాలి. కుదరకపోతే సున్నా పెట్టి, పాత రీడింగ్, మార్చిన తేదీ రాసి ఎడమ డోర్ ఫ్రేమ్‌కి నోటీసు అతికించాలి. అక్కడ ఉండి పాత కారు అమ్మే మనవాళ్లు దీన్ని తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. 2011, ఆ తర్వాతి మోడళ్లకి అమ్మేటప్పుడు రీడింగ్ రాసివ్వాల్సిన బాధ్యత ఇప్పుడు 20 ఏళ్ల దాకా ఉంటుంది. బెల్జియంలో అయితే 2006 నుంచి కార్‌పాస్ అనే పద్ధతి ఉంది. గ్యారేజీకి వెళ్లిన ప్రతిసారీ రీడింగ్ రికార్డవుతుంది, సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్లు ఆ సర్టిఫికెట్ చూపించాలి.

మన దగ్గర ఓడోమీటర్‌కంటూ అలాంటి ప్రత్యేక చట్టం లేదు. కానీ తక్కువ అంకె చూపించి కారు అమ్మితే మోసం కేసు పెట్టొచ్చు, 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందకి వస్తుంది. డీలర్ దగ్గర కొంటే వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్లొచ్చు. "మీటర్ పాడైతే మార్చాను, అంతే" అని చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉండాలంటే ఈ పని చేయండి: విప్పేముందు పాత మీటర్ ఫొటో, బిగించాక కొత్త మీటర్ ఫొటో, రెండు క్లస్టర్ల నంబర్లు, తేదీ, రెండు రీడింగ్‌లు ఉన్న బిల్లు. మెకానిక్ బిల్లు ఇవ్వకపోతే తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి. డ్రైవర్ డోర్ ఫ్రేమ్‌కి ఒక చిన్న స్టిక్కర్ కూడా వేయండి, మన దగ్గర ఎవరూ అడగకపోయినా సరే. అమ్మేటప్పుడు ఆ కాగితం ఆర్సీతో పాటు ఇచ్చేయండి.

"అన్నా, ఎలాగూ విప్పాం కదా, ఒక నలభై వేలు తగ్గించి పెట్టమంటారా?" అని షాపులో అడగొచ్చు. అదే సాకెట్, అదే సాఫ్ట్‌వేర్, అదే పది నిమిషాల పని. వద్దని చెప్పండి.

బిగించాక టెస్ట్

అంకె కలిసినంత మాత్రాన లెక్క సరిగ్గా నడుస్తుందని కాదు. కిలోమీటరుకి సెన్సర్ ఇన్ని పల్స్‌లు పంపుతుందని క్లస్టర్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది, వేరే వేరియంట్ మీటర్ అయితే అది మారిపోతుంది. ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఫోన్‌లో జీపీఎస్ ఆన్ చేసి కోరుకొండ నుంచి రాజమండ్రి గోకవరం బస్టాండ్ దాకా ఒకసారి వెళ్లండి. స్పీడ్ ముల్లు జీపీఎస్ కంటే కొంచెం ఎక్కువ చూపించడం మామూలే, కంపెనీలు కావాలనే అలా పెడతాయి. చూడాల్సింది దూరం. 20 కిలోమీటర్లకి అర కిలోమీటరు తేడా వస్తే టైర్ల అరుగుదల అనుకోవచ్చు. రెండు మూడు కిలోమీటర్లు తేడా వస్తే మాత్రం క్లస్టర్ మీ వేరియంట్‌ది కాదు, షాపుకి వెనక్కి తీసుకెళ్లండి.