దుర్యోధనుడి బొమ్మకు కెమెరా ఎక్కడ పెట్టాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజు పొద్దున బయల్లో మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకొని ఉంటాడు. కొన్ని ఊళ్ళలో నలభై అడుగులు దాటతాడు. భీముడి వేషగాడు తొడ మీద గద వేస్తాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది, సాయంత్రం అగ్నిగుండం. అంతటితో బొమ్మ పని అయిపోతుంది. పెళ్ళిళ్ళకు తిప్పిన వీడియో కెమెరానే ఏళ్ళ తరబడి ఈ ఉత్సవాలకూ తిప్పినవాణ్ణి నేను. డ్రోన్లు పట్టుకొని వస్తున్న కుర్రవాళ్ళకు నాకు తెలిసింది చెబుతాను.

1. వధ రోజున దిగేవాడికి బొమ్మ దొరుకుతుంది, కథ దొరకదు. ట్రాక్టర్లో మట్టి వచ్చి పడ్డప్పటి నుంచీ అక్కడ ఉండాలి. మట్టి ఎవరి చేనుది, నీళ్ళు ఎవరి బోరువి, కాళ్ళు గుడివైపు రాకుండా ఎటు తిప్పాలి, మీసం ఎంత పెట్టాలి అన్న వాదనలన్నీ కెమెరాలో పడాలి.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో మేజిల్స్ అన్నదమ్ములు తీసిన 'రన్నింగ్ ఫెన్స్' చూశాక గట్టిపడిన అభిప్రాయం. క్రిస్టో, జాన్ క్లాడ్ అనే కళాకారులైన భార్యాభర్తలు 1976లో కాలిఫోర్నియా కొండల మీదుగా సముద్రం దాకా దాదాపు 39 కిలోమీటర్ల పొడవున తెల్ల నైలాన్ గుడ్డ కట్టి, రెండు వారాలకు తీసేశారు. 59 మంది పశువుల రైతుల భూముల మీదుగా పోయిందది. సినిమాలో గుడ్డ గాలికి ఎగిరేది చివర్లోనే. అంతకుముందంతా రైతుల వంటగదులు, అధికారుల విచారణలు, అరుపులు. ఒక విచారణలో ఒక రైతు ఇల్లాలు లేచి, తాను కష్టపడి వండిన భోజనం కూడా ఒక కళేననీ, తినేస్తే అదీ మిగలదనీ చెబుతుంది. కళా విమర్శకులు పుస్తకాలు రాసి చెప్పేదాన్ని ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. అలాంటి మాట మన రచ్చబండ దగ్గర రోజూ వినిపిస్తుంది. మైకు అక్కడ ఉండాలి, అంతే.

2. డబ్బు సంగతి దాచొద్దు. క్రిస్టో దంపతులు స్పాన్సర్లను రానివ్వలేదు, ఆ పనుల కోసం ముందుగా గీసిన చిత్రాలూ నమూనాలూ అమ్మి వాళ్ళే ఖర్చు పెట్టుకున్నారు. మనకు ఒక్కో రోజు ఖర్చు భరించే ఉభయదారులు ఉన్నారు. ఏ రోజు ఉభయం ఎవరిది, ఎవరు మానుకున్నారు, వాళ్ళ బదులు ఎవరు ముందుకొచ్చారు అన్నది పట్టుకుంటే ఊరి చరిత్ర సగం వచ్చేసినట్టే. ఫ్లెక్సీల మీది ముఖాలకు ఒక్క షాటు చాలు.

3. డ్రోన్ వద్దనను. మా రోజుల్లో బొమ్మ మొత్తం ఫ్రేములో పడాలంటే గుడి గోడో, మిద్దో ఎక్కాల్సిందే. పడుకున్న బొమ్మ నేలమీంచి చూస్తే గుట్టలాగే ఉంటుంది మరి. కానీ పైనుంచి తీస్తే కొలత తెలుస్తుంది గాని భయం తెలియదు. బొమ్మ బొటనవేలి పక్కన నిలబడ్డ పిల్లోణ్ణి కిందినుంచి తీసి చూడండి. ఇంకొకటి, వేషగాళ్ళు బొమ్మ చుట్టూ తిరుగుతూ పద్యం ఎత్తుకున్నప్పుడు ఆ రెక్కల రొద దించేయండి. హార్మోనియం, మద్దెల, తాళాలు విడిగా రికార్డు చేసుకోండి.

4. బ్యాటరీలు రెట్టింపు. టార్పాలిన్ ఒకటి. 1972లో కొలరాడోలో రెండు కొండల నడుమ క్రిస్టో కట్టించిన నారింజరంగు తెర 28 గంటలకే గాలికి ఓడిపోయింది. వేసవి సాయంత్రం మన గాలివానకు మట్టిబొమ్మ ఎంత?

5. తీయకూడనివి ఉన్నాయి. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో మాను కింద సాగిలపడి వరపడతారు. జూమ్ చేసి వాళ్ళ ముఖాలు పట్టుకుంటున్న కుర్రాళ్ళను ఈ మధ్య చూస్తున్నాను. అది డాక్యుమెంటరీ కాదు, దొంగతనం. దూరంగా, వెనకనుంచి, ఒక్క షాటు చాలు. మాను మీదినుంచి పడే నిమ్మకాయల కోసం చాచిన చేతులు తీసుకోండి, అన్నీ అందులోనే ఉన్నాయి.

6. గద పడగానే కెమెరా కట్టేయొద్దు. అందరూ చేసే పని అదే, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేదీ అదే. తొడ దగ్గర కుండ పగిలి ఎర్రనీళ్ళు పారాక జనం విరుచుకుపడి మట్టి తీసుకుంటారు. చేల్లో చల్లుకుంటారు, గాదె దగ్గర పెట్టుకుంటారు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలోనూ ఇదే. ఆఖరి రాత్రి నిలబెట్టిన విశ్వరూపానికి చెంప తీయగానే ఆ మట్టి కోసం తోపులాట. ఈ బొమ్మలు పాడైపోవడం లేదు, పంచబడుతున్నాయి. ఆ మట్టి వెంట ఒక ఇంటి దాకా వెళ్ళండి.

7. ఓపిక సంగతి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కాషాయ తెరల ద్వారాలు కడతామని క్రిస్టో దంపతులు 1979లో అడిగారు. వద్దన్నారు. 2005 ఫిబ్రవరిలో 7,503 ద్వారాలు లేచాయి, 16 రోజులు నిలిచాయి. వద్దన్న రోజుల్లో మేజిల్స్ సోదరులు తీసి పెట్టుకున్న ఫిల్ము కూడా ఆ తర్వాత వచ్చిన సినిమాలో చేరింది. పాతికేళ్ళు దాటిన ఫిల్ము పనికొచ్చిందన్నమాట. మీ హార్డ్‌డిస్కులో మూడేళ్ళ కిందటి ఫుటేజీ ఉందా?

8. ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికా పండితుడు తమిళనాడులో జింజి దగ్గరి ద్రౌపది ఉత్సవాల మీద 1988లో రెండు భాగాల చిత్రం తెచ్చాడు. మన సరిహద్దు అవతలి ఉత్సవం అంత దూరం నుంచి వచ్చినవాడి చేత అంతసేపు తీయించుకుంది. మన ఊరిది ముప్పై సెకన్ల రీలు చేసి వదిలేయడం నాకు నచ్చదు.

ఈసారి భారతం తీసేవాళ్ళకు ఒక మనవి. బొమ్మ చేసినవాళ్ళ పేర్లు, ఊరు, తేదీ ఫైలు మీదే రాయండి. పూర్తి ఫుటేజీ ఒక కాపీ గుడి పెద్దలకు, ఒకటి ఊరి బడికి ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకం పెట్టించుకోండి.