పసికందుకు వెచ్చదనము: ఒక సేవాసంస్థ నాయకత్వము నేర్పు పాఠములు

(సంఘ పెద్దలు, స్త్రీల సమాజములు, యౌవనుల కూటములు కలిసి చదువుకొనుటకు)

పాఠము యొక్క ఉద్దేశము: పసిబిడ్డల ప్రాణములు కాపాడుటకు ఒక వైద్య పరికరమును తయారుచేసిన లాభాపేక్ష లేని సంస్థను దాని నాయకులు ఎట్లు నడిపించారో తెలిసికొనుట, పిల్లల కొరకు మన కమిటీలు చేయు పనులను దానితో పోల్చి పరీక్షించుకొనుట.



కమిటీ లేని సంఘము మనలో లేదు. బెంగుళూరులోనైనా, కోలారు గనుల ప్రాంతములోనైనా, చెన్నై, షోలాపూరు, బరంపురము, యానాములలోనైనా నలుగురు తెలుగువారు కూడుకొన్నచోట ఒక ప్రెసిడెంటు, ఒక సెక్రటరీ, ఒక ట్రెజరరు ఉంటారు. చందా పుస్తకము ఉంటుంది. పిల్లల నిమిత్తము ఏదైనా చేయవలెననే మనస్సు కూడా ఉంటుంది. డబ్బు పోగైన తరువాత అసలు ప్రశ్న వస్తుంది: ఏమి కొనవలెను? ఎవరికి ఇవ్వవలెను? ఆ సంగతి ఎవరిని అడగవలెను? నాయకత్వము పరీక్షకు వచ్చేది అక్కడే.

ఈ పాఠమునకు ఉదాహరణగా ఎంబ్రేస్ అనే సంస్థను తీసికొందాము. ఆ మాటకు కౌగిలి అని అర్థము. అది అమెరికాలో పుట్టినను, దాని పని ఎక్కువ భాగము మన ఊళ్ళ మధ్యనే జరిగినది.

1. అసలు కష్టము ఏమిటి?

37 వారములు నిండక మునుపే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకన్న తక్కువ తూగిన బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. 2020లో ప్రపంచములో సుమారు 1 కోటి 34 లక్షలమంది నెలలు నిండకుండ పుట్టారు. వారిలో సుమారు 30 లక్షలమంది మన భారతదేశపు బిడ్డలే.

ఇట్టి బిడ్డలకు చర్మము క్రింద కొవ్వు చాలదు. మనకు హాయిగా ఉన్న గదిలో కూడ వారి ఒళ్ళు చల్లబడుతుంది. పసిబిడ్డ ఒంటి వేడి 36.5 నుండి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలెను. అంతకన్న తగ్గినప్పుడు, ఉన్న కొద్ది శక్తియు వేడి పుట్టించుకొనుటకే ఖర్చయిపోతుంది. బిడ్డ పాలు లాగలేదు, బరువు పెరగదు, ఊపిరి తీయుట కూడ కష్టమవుతుంది. పెద్ద ఆసుపత్రులలో దీని కొరకు ఇంకుబేటర్లు ఉంటాయి. 2007 ప్రాంతములో ఒక్కొక్కటి సుమారు 20,000 డాలర్ల ఖరీదు. దానికి ఎడతెగని కరెంటు కావలెను, నడుపుట తెలిసిన నర్సు కావలెను.

2. వెళ్ళి చూచారు

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో, పేదలకు అందే ధరలో వస్తువులు రూపొందించుట నేర్పు ఒక తరగతి జరిగినది. అక్కడ కొందరు విద్యార్థులకు ఒక పని అప్పగించారు: ఇంకుబేటరు ఖరీదులో నూరింట ఒక వంతుకు దొరికే పరికరము చేయండి. జేన్ చెన్, రాహుల్ పణిక్కర్, నాగానంద్ మూర్తి, లైనస్ లియాంగ్ ఆ పనిలో ఉన్నవారు. వారిలో ఎవరును పిల్లల డాక్టరు కారు.

గదిలో కూర్చుండి చవక ఇంకుబేటరుకు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకొనవచ్చును. కాని లియాంగ్ నేపాల్ వెళ్ళాడు. ఖాట్మండులోని ఆసుపత్రిలో దానముగా వచ్చిన ఇంకుబేటర్లు ఖాళీగా ఉండుట చూచాడు. ఎందుకు ఖాళీ అని డాక్టరును అడిగాడు. ఈ బిడ్డలు పల్లెలలో పుడుతున్నారు, ఆసుపత్రికి చేరకముందే దారిలోనో ఇంటిలోనో చనిపోతున్నారు అని జవాబు వచ్చినది.

ఆ ఒక్క జవాబుతో పని యొక్క రూపమే మారినది. వారికి కావలసినది ఆసుపత్రి కొరకు చవక యంత్రము కాదని, కరెంటు నిలకడగా లేని చోట, ఇంటినుండి ఆసుపత్రికి పోయే దారిలో, తల్లి చేతిలో పనిచేసే వస్తువని తేలినది.

3. మైనము చేసే పని

వారు చేసిన వస్తువు చూచుటకు బిడ్డను పడుకోబెట్టే చిన్న సంచివలె ఉంటుంది. దాని వెనుక భాగములో మైనమువంటి పదార్థముతో నింపిన మెత్తని దిండును పెడతారు. ముందుగా ఒక చిన్న హీటరుతో ఆ దిండును సుమారు అరగంట వేడిచేస్తే మైనము కరుగుతుంది. తరువాత కరెంటుతో పనిలేదు. నాలుగు నుండి ఆరు గంటలు అది 37 డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది. చల్లారిన తరువాత మరల వేడిచేయవచ్చును. సంచిని శుభ్రముచేసి మరియొక బిడ్డకు వాడవచ్చును.

ఇది ఎట్లు సాధ్యము? గ్లాసులో మంచుగడ్డ వేసి చూడండి. గడ్డ పూర్తిగా కరుగువరకు ఆ నీరు సున్న డిగ్రీల దగ్గరనే నిలిచి ఉంటుంది. ఒక పదార్థము గట్టిదనమునుండి ద్రవముగా, ద్రవమునుండి గట్టిదనముగా మారునంతసేపు దాని వేడి పెరగదు, తగ్గదు. ఈ మైనము 37 డిగ్రీల దగ్గర మారునట్టిది. అది మెల్లగా గట్టిపడుచు, కరిగినప్పుడు తీసికొన్న వేడిని బిడ్డకు తిరిగి ఇస్తుంది. ఎనిమిదవ తరగతి పిల్లలకు చెప్పదగిన ఈ సైన్సు సూత్రమే ఒక ప్రాణమును నిలుపుతున్నది.

4. తల్లి మాటకు వస్తువును మార్చారు

మొదటి నమూనాలలో వేడి ఎంత ఉన్నదో అంకెలతో చూపే ఏర్పాటు ఉండేది. మహారాష్ట్రలోని ఒక చిన్న ఊరిలో దానిని తల్లులకు చూపినప్పుడు ఒక తల్లి మనస్సు విప్పి మాట్లాడినది. ఇంగ్లీషు మందులు చాలా ఘాటైనవని తమ ఊరివారి నమ్మకమనియు, అందుచేత డాక్టరు చెప్పిన దానిలో సగమే బిడ్డకు ఇస్తామనియు చెప్పినది. ఈ దిండును 37 వరకు వేడిచేయమంటే, ఎందుకైనా మంచిదని 30 దగ్గరే ఆపుతామన్నది. 30 డిగ్రీలయితే బిడ్డ చల్లబడిపోతుంది.

ఇట్టి మాట వినినప్పుడు చదువుకొన్నవారము ఏమంటాము? వీరికి తెలియదు, నేర్పవలెను అంటాము. వారు ఆ తల్లిని తప్పుపట్టలేదు. అంకెలను తీసివేసి, సరిగా ఉన్నది, సరిగా లేదు అని మాత్రమే చూపే గుర్తు పెట్టారు. భయపడే తల్లి చేతిలో కూడ వస్తువు క్షేమముగా పనిచేయునట్లు చేసిన ఆ మార్పు ఆమె మాటవలననే కలిగినది.

5. పని ఉన్నచోటికి వచ్చి ఉన్నారు

2008లో ఎంబ్రేస్ లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడినది. జేన్ చెన్ దానికి ముఖ్య కార్యనిర్వహణాధికారిణి అయినది. 2009లో వారు బెంగుళూరు వచ్చి కాపురముండి పని సాగించారు. తయారీవారి దగ్గరకు, డాక్టర్ల దగ్గరకు, నర్సుల దగ్గరకు తిరిగారు. నమూనాలను అనేక మారులు మార్చారు. 2011లో గాని పరికరము మన దేశములో విడుదల కాలేదు. తరగతిలో ఆలోచన పుట్టిన నాటినుండి లెక్కిస్తే నాలుగేళ్ళు. పసిబిడ్డ ఒంటికి తగిలే వస్తువు విషయములో తొందర పనికిరాదు.

6. ధర విషయములో నిజము

2009 నవంబరులో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా సభలో జేన్ చెన్ ఈ పరికరమును గూర్చి మాట్లాడి, దాని ఖరీదు 25 డాలర్లుగా చెప్పినది. విడుదలైనప్పుడు ధర సుమారు 200 డాలర్లు, అనగా ఆనాటి మారకము ప్రకారము సుమారు 9,000 రూపాయలు అయినది. ఎనిమిది రెట్లు!

దీనిని దాచవలసిన పనిలేదు. వైద్య పరికరము సంత వస్తువు వంటిది కాదు. పరీక్షలు, నాణ్యత, శిక్షణ, పాడైతే బాగుచేయుట, ఇవన్నియు ధరలో చేరుతాయి. తరగతిలో ఇచ్చిన లెక్క మాత్రము నిలిచినది: 20,000లో నూరింట ఒక వంతు 200 కదా. అయినను 9,000 రూపాయలు పల్లె తల్లి పెట్టుకోగల సొమ్ము కాదు. ఇక్కడే నాయకులు రెండవసారి ఆలోచించవలసి వచ్చినది.

7. డబ్బు ఎట్లు నిలుస్తుంది?

దానములమీదనే నడిచే సంస్థ దానము ఆగిననాడు ఆగిపోతుంది. లాభము కొరకే నడిచే కంపెనీ డబ్బులేని తల్లి దగ్గరకు పోదు. 2012లో వారు పనిని రెండుగా చేశారు. ఆసుపత్రులకు అమ్ముటకు, కొత్త వస్తువులు చేయుటకు ఎంబ్రేస్ ఇన్నోవేషన్స్ అనే కంపెనీ ఏర్పడినది. లాభాపేక్ష లేని సంస్థ వేరుగా నిలిచి, కొనలేని చోట్లకు పరికరములు ఇచ్చుట, తల్లులకు పసిబిడ్డ సంరక్షణ నేర్పుట తన పనిగా పెట్టుకొన్నది.

ఆ దారి కూడ సాఫీగా లేదు. కుదిరినదనుకొన్న పెట్టుబడి చివరి ఘడియలో తప్పిపోయి, కంపెనీ మూతపడే స్థితికి వచ్చినదని జేన్ చెన్ తానే సభలలో చెప్పినది. అప్పుడు అమెరికా వ్యాపారి మార్క్ బెనియాఫ్ ఆదుకొన్నాడు. తరువాత అమెరికాలో కలిగినవారికి పసిబిడ్డల దుస్తులు అమ్మి, ఆ అమ్మకముతో పేద బిడ్డలకు సహాయము చేయు ప్రయత్నమును చేశారు. తుదకు పరికరము తయారీని చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ చేపట్టినది. స్థాపించినవారి చేతిలోనే ఉండవలెనని పట్టుబట్టియుంటే, ఆ పనియు వారితోనే అలసిపోయేది. సంవత్సరాల ఒత్తిడి తనను ఎంత కుంగదీసినదో కూడ ఆమె దాచలేదు. సేవచేయువాని ఒళ్ళు, మనస్సు కూడ లెక్కలోనికి రావలెను.

8. తన హద్దు తెలిసిన వస్తువు

పసిబిడ్డకు మొదటి వెచ్చదనము తల్లి రొమ్మే. 1970ల చివర కొలంబియా దేశపు బొగోటాలో, ఇంకుబేటర్లు చాలక, డాక్టర్లు తక్కువ బరువు బిడ్డలను తల్లి చర్మమునకు హత్తి ఉంచుట మొదలుపెట్టారు. దానికే కంగారు తల్లి సంరక్షణ అని పేరు. 2021లో ప్రచురించబడిన ఒక పెద్ద పరిశోధన భారతదేశముతో కలిపి ఐదు దేశములలో జరిగినది. బిడ్డ పుట్టిన వెంటనే ఈ పద్ధతి ప్రారంభిస్తే, మొదటి 28 దినములలో మరణములు నూరింట 25 వంతులు తగ్గుతాయని తేలినది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికిని దీనినే సిఫారసు చేసినది.

మరి సంచి ఎందుకు? తల్లికి ఆపరేషను అయినప్పుడు, ఆమెకే జబ్బుగా ఉన్నప్పుడు, బిడ్డను ఒక ఆసుపత్రినుండి మరియొకదానికి తీసికొనిపోవునప్పుడు. తల్లి రొమ్మునకు తోడుగా వాడుటకే దీనిని చేశారు. మా వస్తువు లేకుంటే ఏదియు లేదు అని చెప్పని నాయకత్వమును నమ్మవచ్చును.

మనకు వర్తించు సంగతులు

ఒకటి, కొనకముందు వెళ్ళి చూడవలెను. మనము కొనిపెట్టిన వస్తువు బీరువాలో తాళము వేసి ఉంటే అది పిల్లలకు అందినట్లు కాదు. రెండు, వాడే మనిషిని అడగవలెను. మన కమిటీలలో తరచు పురుషులము కూర్చుండి పసిపిల్లల సంగతి తీర్మానిస్తాము; నర్సుగా పనిచేసే మన చెల్లెండ్రు వెనుక బల్లమీద మౌనముగా ఉంటారు. మూడు, లెక్క మారితే సభముందు చెప్పవలెను. నాలుగు, పని మన తరువాత ఎవరి చేతిలో నిలుస్తుందో ముందే ఆలోచించవలెను.

ఇక ప్రతి ఇంటికి తెలియవలసినది: బిడ్డ పుట్టగానే పొడిగా తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్మునకు హత్తి కప్పవలెను. మొదటి 24 గంటలు స్నానము చేయించరాదు. తల్లిపాలు త్వరగా పట్టవలెను. బిడ్డ పాదములు, పొట్ట చల్లగా తగిలినా, పాలు లాగకపోయినా, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పోయే దారిలో కూడ బిడ్డ తల్లి ఒంటికి ఆనుకొనియే ఉండవలెను. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో నవజాత శిశువులకు ప్రత్యేక విభాగములు ఉన్నవి.

చర్చకు ప్రశ్నలు

1. ఖాట్మండు ఆసుపత్రిలో ఇంకుబేటర్లు ఎందుకు ఖాళీగా ఉన్నవి? మన ఊరిలో అట్లు ఖాళీగా ఉన్న దానములు ఏవి?

2. మహారాష్ట్ర తల్లి చెప్పిన మాట మన కమిటీలో ఎవరైనా చెప్పియుంటే మనము ఏమని జవాబిచ్చేవారము?

3. 25 డాలర్లు 200 అయినప్పుడు ఆ పనిని మానివేయుట మంచిదా, సాగించుట మంచిదా? కారణములు చెప్పండి.

4. మన సంఘము పిల్లల కొరకు చేయు పనులలో, ఇప్పటి సెక్రటరీ తప్పుకొంటే ఆగిపోయేవి ఎన్ని?

ఈ నెల చేయవలసిన పని: మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ప్రసవ విభాగమునకు ఇద్దరు సహోదరీలను పంపండి. అక్కడి నర్సును ఒకే ప్రశ్న అడగమనండి: మీకు నిజముగా కొరతగా ఉన్నది ఏమిటి? ఆమె చెప్పిన జవాబును ఉన్నదున్నట్లు వ్రాసికొని, చందా పుస్తకము తెరవకమునుపే సభలో చదవండి.