ఇగ్బో ప్రజల న్రి గ్రామము: పుట్టుపూర్వోత్తరములు

చరిత్ర అనగానే శాసనములు, తాళపత్రములు, నాణెములు మన మనస్సులో మెదలుట సహజము. వ్రాత లేని చోట చరిత్ర లేదని తలంచువారు నేటికిని కలరు. పశ్చిమాఫ్రికాలోని ఇగ్బో ప్రజలను గూర్చి బ్రిటిషు పాలకులలో పలువురు ఇట్లే తలంచినారు. పెద్ద కోటలు లేవు, గ్రంథములు లేవు, జాతికంతటికిని ఒక చక్రవర్తి లేడు. కావున వీరికి చెప్పుకొనదగిన గతము లేదని వారు నిర్ణయించినారు. ఆ నిర్ణయము ఎంతవరకు నిలుచునో పరిశీలించుటకు ఒక్క గ్రామము కథ చాలును. ఆ గ్రామము పేరు న్రి.

నైజీరియా దేశపు ఆగ్నేయ భాగమున, నైజర్ నదికి తూర్పుగా, నేటి అనంబ్రా రాష్ట్రములో న్రి ఉన్నది. ఇగ్బో భాషలో 'ఉము' అనగా సంతానము. ఒక మూలపురుషుని పేరునకు ముందు ఈ మాట చేరిన ఆ వంశమునకు, వారుండు ఊరికి పేరు ఏర్పడును. న్రి సంతతివారిని 'ఉమున్రి' అందురు. ఊరి పేరే వంశవృక్షమునకు తొలి పుట అని దీనివలన తెలియుచున్నది. వంశపెద్దల సభలు, సమవయస్కుల సంఘములు, బిరుదులు పొందిన పెద్దలు - వీరి మాటపైననే గ్రామ వ్యవహారములు నడచెడివి.

ఇక వారి పుట్టుకథ. 'చుక్వు' అను పరమేశ్వరుడు ఎరి అను పురుషుని ఆకాశము నుండి భూమికి పంపెను. అప్పుడు నేల అంతయు బురదగా నుండుటచే ఎరి ఒక పుట్టపై కూర్చుండి మొరపెట్టుకొనెను. చుక్వు అవ్‌కా గ్రామపు కమ్మరిని పంపగా, అతడు కొలిమి తిత్తులతో గాలి ఊది నేలను ఆరబెట్టెను. ఎరి జీవించినంత కాలము ఆహారము పైనుండియే వచ్చెడిది. అతని మరణానంతరము అది ఆగిపోయెను. కుమారుడైన న్రి ఆకలితో ప్రార్థింపగా, తన పెద్ద కుమారుని, పెద్ద కుమార్తెను బలియిచ్చి పాతిపెట్టుమని ఆజ్ఞ అయినది. అతడట్లే చేసెను. కుమారుని సమాధిపై పెండలము, కుమార్తె సమాధిపై చేమ మొలచినవి. ఇరుగుపొరుగువారు వచ్చి ఆ దుంపలను అడుగగా, న్రి వాటినిచ్చి, అందుకు ప్రతిగా వారి ఊళ్లలో భూమికి అంటిన దోషములను శుద్ధి చేయు హక్కును, బిరుదులు ప్రసాదించు హక్కును పొందెను.

ఈ కథను అక్షరాల నమ్మవలెనా, లేక కట్టుకథయని త్రోసివేయవలెనా? చరిత్ర విద్యార్థికి రెండును తగవు. కథ ఏమి చెప్పుచున్నదో, ఎవరికొరకు చెప్పుచున్నదో విచారింపవలెను. నేలను ఆరబెట్టినవాడు కమ్మరి. అవ్‌కా కమ్మరులు ఇగ్బో దేశమంతటను పేరొందినవారు. ఇనుము లేనిదే అడవి నరుకుట, నేల దున్నుట సాధ్యము కాదను ఎరుక ఈ కథలో ఉన్నది. పెండలము బిడ్డ సమాధిపై మొలచుట చేత ఆ పంట పవిత్రమైనది. అన్నిటికంటె ముఖ్యమైనది చివరి భాగము. న్రివారు పొరుగు ఊళ్లపై తమకు గల అధికారమును జయము వలన కాక ఒక ఒడంబడిక వలన వచ్చినదిగా చెప్పుకొనుచున్నారు. కావున ఈ కథ ఒక హక్కు పత్రము వంటిది.

హక్కు పత్రమునకు ప్రతివాదులుండుట సహజము. ఎరి వంశములో పెద్ద శాఖ తమదేయని అగులేరివారు వాదింతురు. నైజర్ తీరమందలి ఒనిత్‌షావారు తమ పూర్వులు బెనిన్ వైపునుండి వచ్చినారని చెప్పుకొందురు. తాము ఎక్కడినుండియు రాలేదు, ఈ నేలనుండియే పుట్టితిమను ఊళ్లును కలవు. కావున న్రి కథను ఇగ్బో జాతి మొత్తమునకు మూలకథగా భావించుట పొరపాటు. అది ఒక సముదాయము తన్ను గూర్చి తాను చెప్పుకొన్న మాట.

న్రి పాలకుని 'ఎజె న్రి' అందురు. ఆయనకు సైన్యము లేదు. శాంతి చిహ్నమైన దండమును ధరించి, ముఖమున 'ఇచి' అను గాట్లు గల న్రి పూజారులు దూరపు ఊళ్లకు సైతము నిర్భయముగా పోయెడివారు. రక్తపాతము 'అల' అను భూదేవతకు అపచారము. ఆ దోషమును తొలగించువారు న్రివారే. 1958లో వెలువడిన చినువా అచెబె నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'లో నాట్లకు ముందు వచ్చు శాంతి వారమును చదివినవారికి ఈ భావము సులభముగా బోధపడును. ఎజె న్రి మరణించిన పిమ్మట వారసుడు వెంటనే పీఠమెక్కడు; సంవత్సరముల తరబడి శుభసూచనలకై వేచియుండుట ఆచారము.

ఈ మాటలకు నేల నుండి సాక్ష్యము లభించిన విధము ఆశ్చర్యకరము. 1938లో సమీపమందలి ఇగ్బో-ఉక్వు గ్రామమున ఐజయా అనోజీ అను గృహస్థు తన పెరటిలో నీటి తొట్టికై గొయ్యి త్రవ్వుచుండగా కంచు వస్తువులు బయల్పడినవి. తరువాత 1959-60లోను, 1964లోను థర్‌స్టన్ షా అను పురావస్తు శాస్త్రజ్ఞుడు అచ్చట త్రవ్వకములు జరిపినాడు. సూక్ష్మమైన అలంకారములు గల పాత్రలు, దండముల తొడుగులు, లక్షా అరువది వేలకు పైగా పూసలు లభించినవి. ఒకచోట పీఠముపై కూర్చుండబెట్టి సమాధి చేయబడిన ప్రముఖుని అవశేషములు, ఆయన కిరీటము, ఏనుగు దంతములు కనిపించినవి. కర్బన పరీక్షలు వీటిలో అధిక భాగమును సుమారు 9, 10 శతాబ్దములవిగా చూపినవి. అనగా యూరోపియనులు ఆ తీరమును చేరుటకు ఐదు వందల యేండ్లకు పూర్వపు మాట. కంచు ముఖములపై గల గాట్లు 'ఇచి' గాట్లను పోలియున్నవి. సమాధిలోనివాడు ఎజె న్రియే యని ఋజువు చేయు వ్రాత లేదు. ఐనను ఆ సంప్రదాయముతో సంబంధమున్నదని పలువురు పండితులు భావించినారు.

ఇంత ప్రాచీనమైన వ్యవస్థకు దెబ్బ తగిలినది 1911లో. బ్రిటిషు అధికారులు నాటి ఎజె న్రి ఒబాలికెను తన ధార్మికాధికారమును వదలుకొనునట్లు నిర్బంధించినారు. విచిత్రమేమనగా, దాదాపు అదే కాలమున ప్రభుత్వ మానవశాస్త్రజ్ఞుడైన నార్త్‌కోట్ థామస్ అదే ప్రాంతములో ఆచారములను వ్రాసికొని, ఛాయాచిత్రములు తీయుచుండెను. ఒక చేయి చెరుపుచుండగా మరియొక చేయి వ్రాసినది! తరువాత ఇగ్బో పండితుడైన ఒన్‌వుయెజియోగ్వు పెద్దల నోటి మాటలను, వంశావళులను క్రమపరచి 1981లో న్రి నాగరికతపై గ్రంథము ప్రకటించినారు.

ఐతే గతమును ప్రేమించుట వేరు, పూజించుట వేరు. ఈ సంప్రదాయ లోకములోనే దేవతలకు అంకితులై వెలివేయబడిన 'ఒసు' వర్గముండెను. ఆ భేదమును రద్దు చేయుచు తూర్పు నైజీరియా శాసనసభ 1956లో చట్టము చేయవలసి వచ్చినది. పుట్టుకథ కొందరికి గౌరవమును, మరికొందరికి అవమానమును పంచిపెట్టగలదని దీనివలన గ్రహింపవలెను.

మన దేశమున కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సహాయముతో గ్రామ కైఫీయతులను సేకరింపజేసినాడు. నాడు వ్రాయించిన ఊరికి నేడు పూర్వకథ మిగిలినది; వ్రాయింపని ఊరికి పెద్దల జ్ఞాపకమే ఆధారము. విద్యార్థులారా! సెలవులకు ఇంటికి పోయినపుడు మీ ఊరి పేరు ఎట్లు వచ్చినదో, మొదట చెరువు ఎవరు త్రవ్వించినారో ముసలివారిని అడిగి వ్రాసికొనుడు. ఒక్కరు చెప్పిన కథతో తృప్తిపడక, ఊరి నడుమ నున్నవారిని, ఊరి చివర నున్నవారిని కూడ అడుగుడు. రెండు కథలును కలియని చోటనే అసలైన చరిత్ర పాఠము ప్రారంభమగును.