శాసనము వెంట వచ్చు నియమములు

మొన్న వేసవిలో మేము ఒక గ్రామమునకు వెళ్లియుంటిమి. మంచినీటి చెరువులో గేదెలను దింపినవారు 500 రూపాయలు జరిమానా చెల్లింపవలెనని ఆ పంచాయతీ తీర్మానించి, దండోరా వేయించినది. ఉద్దేశము మంచిదే. కాని ఒక వృద్ధుడు నోటీసు చేతబట్టుకొని సర్పంచి వద్దకు వచ్చి, "బాబూ, కట్టమంటే కడతాను. ఏ చట్టం కింద కట్టాలో ఆ కాగితం చూపించండి" అనెను. కార్యదర్శి తీర్మానముల పుస్తకము తెచ్చిరి. అందు తీర్మానము కలదు. దానికి ఆధారమైన నియమము గాని, ఉపవిధి గాని లేదు. కొంతసేపు ఎవరును మాటలాడలేదు.

ఆ వృద్ధుని ప్రశ్న న్యాయమైనది. అదే ప్రశ్నను పంచాయతీ సభ్యులు పై కార్యాలయములనుండి వచ్చు కాగితముల విషయమున కూడ వేయవచ్చును. ఈ నియమమును ఎవరు చేసిరి? చేయుటకు వారికి అధికారము ఎచటినుండి వచ్చినది? దానిని ఎవరు పరిశీలించిరి?

శాసనసభ చట్టము చేయునపుడు ముఖ్యసూత్రములను నిర్ణయించును. దరఖాస్తు ఏ నమూనాలో నుండవలెను, నోటీసు ఎన్ని దినములు, అప్పీలు ఎవరికి అను వివరములను నియమముల ద్వారా ఏర్పరచు అధికారమును ప్రభుత్వమునకో, మరియొక సంస్థకో అప్పగించును. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమును తిరుగవేసినచో "విహితపరచిన రీతిలో" అను మాట పలుమార్లు కనిపించును. చట్టము చెప్పక విడిచిన వివరమును నియమములలో వెదకుకొమ్మని దాని భావము.

నియమములు లేనిచో మంచి చట్టము కూడ నిద్రించును. షెడ్యూల్డు ప్రాంతములలోని గ్రామసభలకు విశేషాధికారములు కల్పించు "పెసా" చట్టమును పార్లమెంటు 1996లో చేసినది. అప్పటి ఉమ్మడి రాష్ట్రము 1998లో తన పంచాయతీరాజ్ చట్టమును అందుకు అనుగుణముగా సవరించినది. నియమములు వెలువడినది 2011 మార్చిలో! నడుమ పదమూడు సంవత్సరములు గడచినవి. మన్యపు గ్రామసభలు తమ అధికారములను ఏ పద్ధతిలో వినియోగించుకొనవలెనో తెలియక అంతకాలము వేచియుండవలసివచ్చినది. నియమమనగా గుమాస్తాల వ్యవహారమని తేలికగా చూచువారు దీనిని గమనింపవలెను.

అధికారము అప్పగించినంత మాత్రమున నియమము తన యిచ్ఛవచ్చినట్లు పోరాదు. కాలువ గట్టుల మధ్యనే నీరు పారవలెను గదా! మూలచట్టమే ఆ గట్టు. చట్టములో పన్ను విధించు అధికారము లేనపుడు నియమము ద్వారా పన్ను వేయరాదు. గట్టు దాటిన నియమమును న్యాయస్థానము కొట్టివేయగలదు.

తరువాతి సంగతి ప్రచురణ. జయపూరు సంస్థానములో 1923లో మంత్రిమండలి ఒక తీర్మానము ద్వారా నల్లమందు చట్టమును చేసినది. దానిని గెజెట్టులో గాని, మరియొక విధమున గాని ప్రజలకు ప్రకటింపలేదు. అనేక సంవత్సరముల పిమ్మట ఒక వ్యక్తికి ఆ చట్టము క్రింద 50 రూపాయల జరిమానా పడినది. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. ప్రజలు తెలిసికొను అవకాశమే లేని శాసనముతో వారిని శిక్షించుట సహజన్యాయమునకు విరుద్ధమని 1951లో ఆ న్యాయస్థానము శిక్షను రద్దు చేసినది. ఏబది రూపాయల వ్యాజ్యము దేశమునకంతకు గొప్ప సూత్రమును ఇచ్చినది.

కొన్ని చట్టములు నియమమును ఖాయపరచుటకు ముందే ముసాయిదాను ప్రకటింపవలెనని కోరును. అట్టి సందర్భమున అనుసరింపవలసిన పద్ధతిని కేంద్ర చట్టములకు 1897 నాటి జనరల్ క్లాజుల చట్టము తెలుపుచున్నది. ముసాయిదాను ప్రచురించి, గడువు తేదీని తెలిపి, ఆలోగా వచ్చిన అభ్యంతరములను, సూచనలను ఆలోచింపవలెను. గ్రామములకు మిక్కిలి ఉపయోగపడు ఘట్టము ఇదియే. మిక్కిలి నిర్లక్ష్యమునకు గురియగునదియు ఇదియే. ప్రచారశాఖలో నున్న మేమే గెజెట్టును ఓపికతో చదువుట అరుదని ఒప్పుకొనక తప్పదు.

చదువవలెనన్నను భాష అడ్డు వచ్చును. గనులు, పరిశ్రమలు మున్నగువాని పర్యావరణ అనుమతులకు సంబంధించిన ముసాయిదాను కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రకటించినది. అభ్యంతరములకు 60 దినములు గడువు. కరోనా వలన దేశమంతయు స్తంభించిన కాలమది. ముసాయిదా హిందీ, ఇంగ్లీషులలో మాత్రమే కలదు. ఢిల్లీ హైకోర్టు ఆ సంవత్సరము జూన్ 30న గడువును ఆగస్టు 11 వరకు పొడిగించి, ముసాయిదాను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలోనికి అనువదింపవలెనని ఆదేశించినది. ఆ షెడ్యూలులో తెలుగు కలదు. ప్రభుత్వము ఆ ఉత్తర్వుపై సుప్రీంకోర్టుకు వెళ్లినది. గని తన పొలము ప్రక్కన త్రవ్వబడునపుడు, దాని నియమమును తన భాషలో చదువగోరుట రైతునకు అత్యాశ కాదని మా అభిప్రాయము.

ఇక చట్టసభల పరిశీలన. ప్రచురింపబడిన నియమములను సభ ముందు ఉంచవలెనని సాధారణముగా మూలచట్టమే చెప్పును. కేంద్ర చట్టములలో ఈ గడువు సాధారణముగా 30 దినములు. మన రాష్ట్ర చట్టములు అనేకములలో 14 దినములు. ఆలోగా సభ నియమమును మార్చవచ్చును, రద్దు చేయవచ్చును. ఇది సాధారణముగా ముందు పొందు ఆమోదము కాదు, వెనుక జరుగు తనిఖీ. నియమము అప్పటికే అమలులోనుండును. రద్దయినను అంతకు ముందు దాని క్రింద జరిగిన పనులు చెల్లును. సభలో అన్ని నియమములను చర్చించుటకు తీరిక ఉండదు గనుక ఈ పనికి ప్రత్యేక సంఘములు కలవు. లోకసభలో అట్టి సంఘము 1953లోనే ఏర్పడినది. నియమము చట్టపు హద్దు దాటినదా, ప్రచురణలో అకారణముగా జాప్యము జరిగినదా అని ఆ సంఘము విచారించును. ఏదైన నియమము గ్రామమునకు అన్యాయము చేయుచున్నదని తోచినచో, దాని జీ.వో. సంఖ్యను, తేదీని ఉదహరించుచు మీ శాసనసభ్యునికి వ్రాయవచ్చును. సంఖ్య లేని ఫిర్యాదును అందుకొన్నవారు దేనిని వెదకగలరు?

పంచాయతీ చేయు ఉపవిధులకును, అనగా వాడుకలో బైలాలకును, ఇట్టి కట్టుబాటే కలదు. అవి చట్టమునకు, నియమములకు లోబడియుండవలెను. పై అధికారి ఆమోదము పొందవలెను. గ్రామస్థులకు తెలియవలెను. పై అధికారి ఆమోదమును కొందరు సర్పంచులు తమ స్వాతంత్ర్యమునకు భంగముగా తలచుచున్నారు. ఆమోదమునకు పంపిన కాగితము నెలల తరబడి బల్లపై నిలిచిపోవుట వారికి న్యాయమైన బాధయే. అయినను, ఒక్క పూట సమావేశములో పుట్టిన జరిమానా పొరుగువాని జేబులోనికి పోవునపుడు, దానిని మరియొకరు చూచుట మంచిదని మాకు తోచుచున్నది.

మొదట చెప్పిన గ్రామములో ఆ నోటీసును ఉపసంహరించుకొనిరి. పిమ్మట ఉపవిధి ముసాయిదాను వ్రాసి, పంచాయతీ కార్యాలయము గోడపైనను, పాలకేంద్రము వద్దను అంటించి, అభ్యంతరములను కోరిరి. వచ్చినవి మూడు. అందొకటి ఆ వృద్ధునిదే. పశువుల నీటితొట్టి రెండేండ్లుగా పగిలియున్నదనియు, గేదెలను చెరువులోనికి గాక ఎక్కడికి తోలవలెననియు అతడు వ్రాయించెను. పంచాయతీవారు తొట్టికి మరమ్మతు చేయించి, నీరు నింపించి, ఆ తరువాతనే ముసాయిదాను ఆమోదమునకు పంపిరి.