యజమాని అనుమతి

ఉద్యోగి తన విధుల్లో భాగంగా రాసిన రచనకు తొలి హక్కుదారు ఎవరు? వేరే ఒప్పందమేదీ లేనిచో యజమానియే అంటుంది మన 1957 నాటి కాపీరైట్ చట్టం, 17వ సెక్షనులో. ఆ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామూ సాహిత్య రచనయే.

అమెరికాలో ఇట్టి చిక్కునే రిచర్డ్ స్టాల్‌మన్ ముందుగా గ్రహించాడు. అందరూ స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొని, పంచుకోగల ‘గ్నూ’ వ్యవస్థను నిర్మించదలచినట్లు అతడు 1983 సెప్టెంబరులో ప్రకటించాడు. అప్పటికి అతడు ఎం.ఐ.టి. కృత్రిమ మేధా ప్రయోగశాలలో ఉద్యోగి. కొలువులో ఉండి రాసినదానిని సంస్థ తనదంటే, పదిమందికై పడిన శ్రమంతా ఒకరి సొత్తవుతుంది. అందుచేత 1984 జనవరిలో అతడు ఉద్యోగమే వదులుకున్నాడు. ప్రయోగశాల అధిపతి ఆచార్య పాట్రిక్ విన్‌స్టన్ మాత్రం అక్కడి యంత్రాలను వాడుకొమ్మని ఆహ్వానించాడు. జీతం పోయింది గాని పనిముట్లు పోలేదు.

అందరూ అంతటి త్యాగం చేయలేరు, చేయనవసరమూ లేదు. స్టాల్‌మన్ 1985లో స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, తనకు హక్కులు అప్పగించే రచయితలను అవసరమైనచోట యజమాని సంతకంతో పత్రం తెమ్మంటుంది. ‘ఈ రచనపై మాకు హక్కు లేదు’ అన్నదే దాని సారాంశం. పగలు హైదరాబాదులోని కార్యాలయంలో పనిచేసి, రాత్రి సొంత కంప్యూటరుపై ప్రోగ్రాము రాసే యువతి మొదట చదవవలసింది తన నియామక పత్రంలోని షరతులనే. తరువాత అనుమతిని లిఖితంగా కోరాలి. నోటిమాటగా ఇచ్చిన అధికారి బదిలీ అయిన నాడు ఆమెకు సాక్ష్యం మిగలదు.