మొక్కకు ఎంత నీరు?

పెరడు లేని ఇంట్లో కూడా మొక్కను పెంచవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి మనీప్లాంటు అనువైనది. కణుపు ఉండేటట్లు తీగముక్కను కత్తిరించి, ఆ కణుపు మునిగేలా నీటిసీసాలో ఉంచాలి. వారానికొకసారి నీరు మార్చాలి. కొన్ని వారాలలో వేళ్లు వస్తాయి. అప్పుడు అడుగున రంధ్రమున్న కుండీలో నాటాలి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. మొక్క మీది ప్రేమతో రోజూ నీళ్లు పోస్తారు. ఆకులు పసుపుపచ్చగా మారతాయి. నీరు చాలలేదేమోనని ఇంకా పోస్తారు. చివరకు మొక్క చనిపోతుంది. ఎందుకు?

వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. నీరు ఎక్కువైతే మట్టిరేణువుల మధ్య ఉండే గాలి బయటకు పోతుంది. గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీటిని పీల్చలేవు. అందుకే తడిమట్టిలో ఉన్నా మొక్క వాడిపోతుంది.

కాబట్టి నీళ్లు పోసే ముందు వేలిని సగం వరకు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆగండి. పొడిగా ఉంటే పోయండి. కుండీని వెలుతురు వచ్చే కిటికీ దగ్గర ఉంచండి. ఎర్రటి ఎండలో పెట్టవద్దు. ఈ ఆకులను నమిలితే నోరు మండుతుంది. చంటిపిల్లలకు అందనీయకండి.

ఆలోచించి చెప్పండి:
1. తడిమట్టిలో ఉన్న మొక్క ఎందుకు వాడిపోతుంది?
2. సీసాలోని నీటిని ఎందుకు మారుస్తూ ఉండాలి?