పాఠశాలలో శిక్షయు విచారణయు

మార్కాపురపు పలక యెఱుఁగని తెలుఁగు బాలుఁడు మన తాతల కాలమున అరుదు. ఆ పలకతోపాటు బడియందు మఱియొక వస్తువు తప్పక యుండెడిది, అది బెత్తము. వీధిబడులలో గోడకుర్చీ, తొడపాశము, కోదండము అను శిక్షలు వాడుకలో నుండెను. కోదండమనఁగా దూలమునకుఁ గట్టిన త్రాటిని బాలునిచేఁ బట్టించి, కాళ్లు నేల కంటకుండ వ్రేలాడఁదీయుట. పిల్లవాఁడు చేసిన తప్పేమి, అందులకుఁ గారణమేమి యని యడుగువారు లేరు. చర్మ మొలిచినను సరే, చదువు వచ్చినఁ జాలునని తలిదండ్రులే పంతులుగారితోఁ జెప్పెడివారు.

ఆ కాలము గడచినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2002 ఫిబ్రవరి 18వ తేదీ యుత్తరువుచే విద్యానిబంధనలను సవరించి బడులలో దేహదండనమును నిషేధించెను. పిమ్మట 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, 17వ సెక్షనులో, కొట్టుటనే గాక మనస్సును నొప్పించి వేధించుటను గూడ నిషేధించినది. కావున కులము పేరెత్తి యెగతాళి చేయుటయు, జీతము కట్టలేదని పదిమందిలో నిలువఁబెట్టుటయు చిన్న తప్పులు గావు. ఎనిమిదవ తరగతి ముగియువఱకు బాలుని బడినుండి వెడలఁగొట్టరాదని 16వ సెక్షను చెప్పుచున్నది.

బెత్తము పోయినను దాని తోఁబుట్టువు మిగిలియున్నది. తప్పు చిన్నదైనను పెద్దదైనను, కారణ మడుగక ఒకే శిక్ష విధించు పద్ధతి యది. అమెరికా దేశమున దీనికి ‘జీరో టాలరెన్సు’ అని పేరు. తుపాకి తెచ్చిన విద్యార్థిని కనీస మొక సంవత్సరము తొలఁగింపవలెనని 1994లో అచ్చట చట్టము చేసిరి. తుపాకి విషయమునఁ దొందరపడుట సహజమే. కాని యీ పద్ధతి క్రమముగాఁ జిన్న తప్పులకును ప్రాఁకెను. దీనివలన బడులు మఱింత సురక్షితములైనట్లు కనఁబడలేదని అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుల సంఘమువారి నివేదిక 2008లోఁ బ్రకటింపఁబడెను. ఆ దేశపు సుప్రీంకోర్టు 1975లోనే, కొలంబసు నగర విద్యార్థుల వ్యాజ్యమున, పది దినములలోపు బహిష్కారమునకైనను ముందు ఆరోపణమును దెలిపి విద్యార్థి మాట వినవలెననియు, అపాయ మున్నచో వెంటనే పంపి పిదప విచారింపవచ్చుననియు తీర్పు చెప్పెను. తోడి పిల్లల క్షేమమును మఱువని తీర్పిది.

మన దేశమున ప్రసిద్ధమైనది కేరళ వ్యాజ్యము. జాతీయగీతము పాడునపుడు గౌరవముగా లేచి నిలిచియు, మతవిశ్వాసమువలన నోరు మెదపని ముగ్గురు తోఁబుట్టువులను 1985 జూలైలో బడినుండి తొలఁగించిరి. వారు మంచి నడవడి గలవారని విచారణసంఘము తెలిపినను ఫలము లేకపోయెను. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారిని మరలఁ జేర్చుకొనుఁడని యాజ్ఞాపించెను. ఆ తీర్పు వ్రాసినవారు, పూర్వము ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా నుండిన ఓ. చిన్నప్పరెడ్డిగారు.

మన ప్రాంతమున విద్యార్థి చేయు ‘తప్పు’ తఱచుగా గైరుహాజరే. వానలు చాలని యేఁట గిద్దలూరు, కంభము వైపు కుటుంబములు మిరపకాయల కోఁతకు గుంటూరు సీమకు వలసపోవుట కలదు. నెల దినములు రాని బాలుని పేరు కొట్టివేయుట గుమాస్తాకు ఒక్క గీఁత పని. ఆ గీఁతతో వాని చదువే ముగియవచ్చును. వాఁ డెక్కడికిఁ బోయెనో, తమ్ముని యెవరు చూచుచున్నారో ముందడుగవలదా? వేఱు ప్రభుత్వపు బడికిఁ బోఁగోరువారికి టి.సి. వెంటనే యియ్యవలెనని విద్యాహక్కు చట్టమున స్పష్టముగా నున్నది.

అల్పసంఖ్యాకుల బడులకు ఆ చట్టము వర్తింపదని సుప్రీంకోర్టు 2014 మే 6న ప్రమతి వ్యాజ్యములో నిర్ణయించెను. 2025 సెప్టెంబరు 1న ఇద్దఱు న్యాయమూర్తులు దానిని పెద్ద ధర్మాసనము పునర్విచారింపవలెనని నివేదించిరి. మిషను బడులవారు ఆ తీర్పు చాటున దాఁగుట నాకు ఉచితముగాఁ దోఁపదు. తన వశమందున్న బాలుని క్రూరముగా హింసించుట 2015 నాఁటి బాలన్యాయ చట్టముచే ఏ బడివారికైనను నేరమే.

తలిదండ్రులు శిక్షకుఁ గారణమును వ్రాతపూర్వకముగా నడుగవచ్చును. వినకున్నచో బాలల హక్కుల రాష్ట్ర సంఘమునకు విన్నవింపవచ్చును. ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో ముప్పాతికమంది తలిదండ్రులును, సగముమంది స్త్రీలును ఉండవలెను. అయితే ఆ సమావేశము పగలు పది గంటలకుఁ బెట్టినచో, తెల్లవాఱకమునుపే కూలికిఁ బోయిన తల్లి యెట్లు రాఁగలదు?